దస్తగిరి గీసిన గీత

భువనగిరి గుట్ట కింద ఆఫీసర్లు ఆడుకునే చిన్న క్లబ్బు ఒకటి ఉండేది. అక్కడి టెన్నిస్ కోర్టు బాగోగులన్నీ దస్తగిరివే. పొద్దున్నే మొరం మట్టి మీద నీళ్లు చల్లి, రోలరు లాగి, దారం పట్టి సున్నంతో గీతలు గీసేవాడు. గీత వెంట్రుకవాసి వంకర పోయినా చెరిపి మళ్లీ గీస్తే గాని ఛాయ్ ముట్టేవాడు కాదు. సాయంత్రం ఎత్తు కుర్చీ ఎక్కి, బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పేదీ అతనే.

అంత తిన్నగా గీసే మనిషి కుర్చీ ఎక్కగానే గీత సంగతే మరిచిపోయేవాడు. సాబ్ కొట్టిన బంతి ఎక్కడ పడ్డా లోపలే. దానికతను మర్యాద అని పేరు పెట్టుకున్నాడు గానీ, కడుపులో ఉన్నది భయం. అతనికి ముందు పనిచేసిన కురుమయ్య ఒక పెద్ద సాబ్ బంతి బయట పడిందన్నందుకు పని పోయి, మర్నాటి నుంచి గొర్ల వెంట పోవాల్సి వచ్చింది. ముగ్గురు పిల్లల తండ్రి దస్తగిరికి ఆ గొర్లు కూడా లేవు.

అరవై ఒకటిలో అమరేందర్ అనే మున్సిఫ్ జడ్జి బదిలీ మీద వచ్చాడు. ఆ చలికాలం నకిరేకల్ నుంచి వెంకటరాజం అనే బడిపంతులు ఆయనతో పోటీకి వచ్చాడు. మగ్గాల ఇంట పుట్టినవాడు, మాట మెత్తన, చెయ్యి చురుకు. ఇంకొక్క పాయింటు వస్తే మున్సిఫ్ గెలుస్తాడనగా, ఆయన కొట్టిన బంతి గీత దాటి రెండు వేళ్ల అవతల పడింది. దస్తగిరి అలవాటుగా "లోపలే సాబ్" అన్నాడు. చప్పట్లు మోగాయి. పంతులు మారుమాటాడక, నవ్వుతూ చెయ్యి కలపడానికి నెట్టు దగ్గరికి వచ్చాడు.

మున్సిఫ్ మాత్రం అవతలికి పోయి, మొరం మీద బంతి గుర్తును వంగి చూశాడు. దస్తగిరిని దిగి రమ్మన్నాడు. దస్తగిరి ఒక్కో మెట్టే దిగాడు. కురుమయ్య గొర్లు కళ్ల ముందు కదిలాయి.

"గీ గీత ఎవరు గీసిండ్రు?"

"నేనే సాబ్."

"నువ్వు గీసిన గీతకు నువ్వే ఇజ్జత్ ఇయ్యకుంటె ఇంకెవరిస్తరు? పంతులు ఊకున్నడు, అది ఆయన మర్యాద. నేను గెలువని ఆట నాకు కట్టబెడితె అది మర్యాద గాదు."

పక్కవాళ్లకు వినబడకుండా మెల్లగానే అన్నాడు. నలుగురిలో తిట్టినా అంత సిగ్గేసేది కాదు దస్తగిరికి.

పాయింటు పంతులుకు పోయింది. ఆట సాగి సాగి, ఇంకొక్కటి పోతే మున్సిఫ్ ఓడిపోతాడన్న చోటికి వచ్చింది. ఆయన కొట్టిన బంతి ఈసారి గీతకు ఒక్క వేలెడు అవతల పడింది. అందరూ కుర్చీ వైపు చూశారు. దస్తగిరి లేచి నిలబడి టోపీ సర్దుకున్నాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సాబ్. బయట పడ్డది."

మున్సిఫ్ పంతులుకు చెయ్యి కలిపి, మంచి ఆట ఆడారని మెచ్చుకుని, నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చాడు. దస్తగిరి సున్నం చేతిని పైజామాకు తుడుచుకునేలోపే పట్టుకుని ఊపాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరి దస్తగిరి ఎన్నడూ లేనంత హుషారుగా జొన్నరొట్టె అడిగాడు. సాబ్ గెలిచాడేమో అనుకుంది భార్య బషీరున్నీసా. ఓడాడని, బంతి బయట పడిందని చెప్పింది తానేనని అన్నాడు. రొట్టె తిప్పబోయిన ఆమె చెయ్యి పెనం మీదే ఆగిపోయింది.

"మరి రేపు పనికి?"

"పొద్దుగాల నీళ్లు చల్లాలె" అన్నాడు దస్తగిరి. "జర జల్ది లేపు."