కచేరీ ఫోనులో అన్న జవాబు

కిందటి వారం బడంగ్‌పేటలో మా మనవరాలు నా చేతిలో ఒక కొత్త ఫోను పెట్టింది. అవతలివాళ్లు మాట్లాడుతూంటే ఆ మాటలన్నీ తెలుగు అక్షరాలై అద్దం మీద పడుతున్నాయి. మీర్‌పేట నుంచి మా ఆడపడుచు కూతురు పావుగంట సేపు తన కోడలి మీద చెప్పిన చాడీలను ఒక్కటి కూడా వదలకుండా తీరిగ్గా చదువుకున్నాను. తొంభై దాటిన చెవిటి ముసలిదానికి ఇంతకన్నా కాలక్షేపం ఏం కావాలి? నేను ఫోను మాట్లాడటం ఇదే మొదటిసారి అనుకుని మనవరాలు మురిసిపోయింది. కాదన్నాను. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, పదిహేనేళ్ల పిల్లనై ఉండగా, ఇబ్రహీంపట్నం తహసీలు కచేరీలో ఒకసారి మాట్లాడాను. నా ఈడు వాళ్లకు ఆ రోజులు ఎట్లాంటివో విడమరచి చెప్పనక్కర్లేదు, కానీ ఆ ఫోను సంగతి మాత్రం మా ఇంట్లోవాళ్లకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

నాకు పదేళ్లప్పుడు వచ్చిన పెద్ద జ్వరం మా అమ్మను తీసుకుపోయింది, నా చెవులను కూడా తీసుకుపోయింది. ఉరుమూ డప్పూ తప్ప మరేదీ తెలిసేది కాదు, అవైనా చెవిలో కాదు, చెవి వెనకాల ఎముకలో తెలిసేవి. మాటలను ఎదుటివాళ్ల పెదవులు చూసి పట్టుకునేదాన్ని, మీసాలవాళ్లతోనే చచ్చే చావుగా ఉండేది. నా గొంతు నాకే వినపడదు గనుక అది ఎటు పోతోందో తెలియక, తోటి ఆడపిల్లలు నవ్వితే సిగ్గుపడి, నలుగురిలో నోరు తెరవడమే మానేశాను. మాది చేపలు పట్టే ఇల్లు. ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాళ్లు. బేరం వినపడని నేను గంప మోసి ఏం లాభం? ఒకనాడు అన్న నన్ను పెద్దచెరువుకు తీసుకుపోయి వల తాడు ఒక కొస నా చేతికి ఇచ్చాడు. ఆడపిల్ల తాడు పట్టడమేమిటని కులంలో గొణిగారు. అన్న వినిపించుకోలేదు, బాపు విననట్టు ఊరుకున్నాడు.

వల లాగేటప్పుడు అరుపులుండవు, అరిస్తే చేప చెదిరిపోతుంది, పైగా ఆ గాలికి మాట అవతలి ఒడ్డుకు అందదు. అందుకని అంతా తాడు మీదే చెప్పుకుంటారు. ఒక గుంజు గుంజితే ఉన్నావా అని, మళ్లీ ఒకటి వస్తే ఉన్నానని. రెండు గుంజితే లాగమని. మూడు గుంజితే ఆగు, వల చిక్కుపడిందని. ఇవి మావాళ్లందరికీ తెలిసినవే. పని ముగిశాక ఇంటికి పోదాం అనడానికి మాత్రం అన్న రెండు గుంజులు గుంజి, ఊపిరి పీల్చినంత సేపు ఆగి, మళ్లీ రెండు గుంజేవాడు. అది మా ఇద్దరి మధ్యే ఉండేది. ఆ తాడు చేతిలో ఉన్నంతసేపూ నేను ఎవరికీ తీసిపోను అనిపించేది.

దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్న రొట్టెలు, ఎండు చేపలు చేరవేసేవాడు. పటాలాలు దిగి నిజాం సర్కారు పడిపోయిన ఆ గందరగోళంలో ఒక పొద్దున ఇంట్లోంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. పన్నెండో రోజున మా పెదనాయన పట్నం నుంచి కొంత దూరం నడిచీ, కొంత దూరం బండెక్కీ వచ్చి ఒక మాట చెప్పాడు. అక్కడ ఒక దవాఖానలో దవడ విరిగి మొహమంతా పట్టీ కట్టిన మనిషి ఒకడున్నాడట. కళ్లు చూస్తే మనవాడే అనిపిస్తుందట, వాపు చూస్తే కాదనిపిస్తుందట. మాట రాదు, అక్షరమ్ముక్క రాదు, ఏ పేరుతో పిలిచినా తల ఊపుతున్నాడట. దెబ్బలు తిన్నవాడు ఎవరికీ కాదని చెప్పడు, కాదంటే ఇంకొకటి పడుతుందని భయం. అందుకే ఆ తల ఊపును అక్కడ ఎవరూ ఖాతరు చేయలేదు. పేరూ ఊరూ తేలనివాళ్లందరినీ కొత్త సర్కారువాళ్లు సంఘం వాళ్లుగా జమకట్టి ఆ సాయంత్రమే లారీ ఎక్కించి ఎక్కడో దూరపు జైలుకు పంపుతున్నారట. తీరా పరాయివాడైతే తన మెడకు చుట్టుకుంటుందని భయపడి పెదనాయన ఇతను మావాడే అని వేలిముద్ర వేయకుండా వచ్చేశాడు. ఆయనను నేను తప్పుపట్టను, ఆ రోజులు అట్లాంటివి.

బాపు గోడకు జారబడిపోయాడు. "మనం పోయేసరికి లారీ పోతది" అన్న మాట ఆయన పెదవుల మీద చదివాను. ఊరికంతటికీ కచేరీలో ఒక్కటే ఫోను. నేను లేచి నడిచాను, మగవాళ్లిద్దరూ నా వెనక వచ్చారు.

కచేరీ వరండాలో శేరిగూడ రైతులు భూమి కాగితాల కోసం బారులు తీరి కూర్చున్నారు. గుమాస్తా మంచివాడే, చాలాసేపు తంటాలు పడి దవాఖానకు లైను కలిపించాడు. కాసేపు మాట్లాడి బాపు వైపు తిరిగి పెదవి విరిచాడు. "ఏమడిగినా తలకాయ ఊపుతుండంట. మేమేం జేస్తం?"

అయిదేళ్ల తర్వాత మొదటిసారి అంతమంది ముందు నోరు తెరిచి, ఫోను నాకిమ్మన్నాను.

"నీకు ఇనరాదు, ఆనికి మాట రాదు. ఇద్దరు గలిసి ఏం మాట్లాడుతరు బిడ్డా?" అన్నాడు గుమాస్తా. వరండా అంతా నవ్వింది. నవ్వు తెలియడానికి చెవులక్కర్లేదు. నేను కదల్లేదు. మళ్లీ ఇమ్మన్నాను, మళ్లీ మళ్లీ ఇమ్మన్నాను. నా గొంతు ఎంత పెద్దగా లేచిందో ఏమో, లోపలి గదిలోంచి తహసీల్దారే బయటికి వచ్చాడు. కొత్తగా వచ్చినాయన, నా అదృష్టం కొద్దీ మీసం లేని మనిషి. తాడు సంగతంతా చెప్పాను. ఆయన విని, నేను అడగబోయే మూడు ప్రశ్నలూ, వాటికి రావలసిన జవాబులూ ముందే కాగితం మీద రాసుకున్నాడు. మూడూ సరిపోతే తనే పూచీ పడతానన్నాడు. సరిపోకపోతే ఏమవుతుందని పెదనాయన అడుగుతుండగానే ఫోను అందుకుని, ఆ మనిషిని అక్కడికి తెమ్మని దవాఖానవాళ్లకు చెప్పాడు.

అవతల ఆ మనిషిని మంచంతో సహా ఫోను దగ్గరికి మోసుకొచ్చారట. ఎవరో ఫోనును అతని చెవికి పట్టుకుని, జవాబుగా మాట్లాడే చోట వేలితో కొట్టమని అతనికి చెప్పారట. నేను ఫోనును చెవి వెనక ఎముకకు అదిమి పట్టుకున్నాను.

"అన్నా, నేనే. చెరువుల ఉన్నమనుకో. తాడు నా చేతిల ఉన్నది. ఉన్నవా?"

ఏమీ రాలేదు. లైను తెగిందో, ఆ మనిషి అన్న కాదో, నా ఎముక కూడా చచ్చిపోయిందో తెలియలేదు. ఫోను మాత్రం వదల్లేదు. మళ్లీ అడిగాను. అప్పుడు వచ్చింది, ఒక్క దెబ్బ. తహసీల్దారుకు ఒక వేలు చూపించాను.

"వల చిక్కుపడ్డది."

మూడు దెబ్బలు. ఇది చేపలు పట్టే ఎవడైనా చెప్పగలడు. మిగిలింది ఒక్కటే.

"పని అయిపోయింది. ఇగ ఏమంటవ్?"

రెండు వచ్చాయి. ఆగాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ రెండు వచ్చాయి.

తహసీల్దారు ఫోను తీసుకుని ఆ చివరిది మళ్లీ కొట్టించుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత అవతలివాళ్లకు అన్న పేరు, బాపు పేరు, ఊరి పేరు రాయించాడు. బాపు నేల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇంకేమైనా అడుగుతావా అని తహసీల్దారు ఫోను నా వైపు చాపాడు. పని అయిందిగా, అక్కర్లేదని తల అడ్డంగా ఊపాను. సాయంత్రం లారీ అన్నను ఎక్కించుకోకుండానే వెళ్లింది.

నెలన్నరకు అన్న ఇంటికి వచ్చాడు. దవడ పక్కకు అతుక్కుని మూతి వంకరపోయింది. మిగతావాళ్లకు అతని మాట మెల్లగా అర్థమయింది గానీ, ఆ పెదవులను నేను మళ్లీ ఎన్నడూ చదవలేకపోయాను. అందుకే ఇద్దరం బడిపంతులు ముందు కూర్చుని పలకలు పట్టి అక్షరాలు దిద్దాం, అంత పెద్దవాళ్లం. కొట్టిందెవరో అన్న పలక మీద కూడా రాయలేదు.

అన్న పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఫోను మోగకముందే పిలిచేవాళ్ల పేరు పడుతుంది, మావాడే అని ఎవరికీ రుజువు చూపనక్కర్లేదు. పిల్లలు రోజుకు పదిసార్లు ఫోను చేసి తిన్నావా, మోకాలు నొప్పి తగ్గిందా అని అడుగుతారు. నేను విసుక్కుంటాను, అయినా అడుగుతారు, ఎందుకంటే జవాబు వాళ్లకు తెలియదు. ఆనాడు నేను అన్నను మూడు ప్రశ్నలు అడిగాను, మూడింటికీ జవాబులు నాకు ముందే తెలుసు. ఆ తర్వాత కూడా తహసీల్దారు చాపిన ఫోను నా ముందే ఉంది, లైను ఇంకా తెగలేదు. నొప్పిగా ఉందా అన్నా అని ఒక్కమాట అడగలేదు.