కడిగి పంపవలెను

ఆసుపత్రి ల్యాబులో ఆవిడ ముద్దుపేరు మిరపకాయ. ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని పల్చగా కోసి, గాజుపలక మీద రంగేసి, డాక్టరు చూడటానికి సిద్ధం చెయ్యడం పందొమ్మిదేళ్లుగా ఆవిడ పని. తప్పు కనిపిస్తే ఎంతవాణ్ణయినా సరే, ముఖం వాచేలా చీవాట్లు పెట్టేది.

ఆ ఉదయం ఆవిడ కోపం నషాళానికంటింది. వచ్చిన సీసా మీద బావ పేరుంది. బావంటే అక్క మొగుడు, వంటవాడు. ముక్కులో కండ పెరిగి మూడేళ్లలో మూడోసారి కోయించుకున్నాడు. వాసన తెలియక, కూర మాడినా పట్టుకోలేక రెండు హోటళ్లలో ఉద్యోగం ఊడింది. ఇప్పుడు కుడికన్ను ముందుకు పొడుచుకొస్తోంది. ఏ రకం వాపో తేలితే తగిన మందిస్తారు, తేలకపోతే మళ్లీ కత్తే. పాత రిపోర్టులు రెండింటిలోనూ ఒకటే మాట: దీర్ఘకాలపు వాపు. ఆ మాత్రం చెప్పడానికి డాక్టరెందుకు, జలుబు చేసిన ఎవడైనా చెబుతాడు.

సీసాలో కండ తోమిన గిన్నెలా శుభ్రంగా ఉంది. బూజు వల్ల వచ్చిన వాపైతే ఆనవాలు కండలో కాదు, దానికంటుకున్న చీమిడి జిగురులో దొరుకుతుందని ల్యాబుకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కిందటి వారమే చెప్పింది. మిరపకాయ సీసా పట్టుకుని ఆపరేషన్ గదికి విసవిసా నడిచింది.

"జిగురేదీ?" అని అక్కడి నర్సుని నిలదీసింది.

"కండకున్నది కడిగేశానక్కా. ఆపరేషన్లో గొట్టంతో పీల్చిన డబ్బాలో ఇంకాస్త ఉంది, పారబొయ్యాలి."

"నీ శుభ్రం తగలెయ్య. రోగాన్ని కడిగేసి ఒట్టి కండ నా మొహాన కొడతావా? బుర్రుందా, అమ్ముకున్నావా?"

నర్సు గోడమీది కాగితం చూపించింది. 'ముక్కు కండలను జిగురు పోవునట్లు కడిగి పంపవలెను. లేనిచో తీసుకొనబడవు.' కింద మిరపకాయ సంతకం, పదకొండేళ్ల నాటిది. జిగురుంటే బ్లేడుకి సరిగా తెగడం లేదని అప్పట్లో తనే గొడవచేసి అంటించింది.

"మీరు తిడతారనే ఒకటికి రెండుసార్లు కడుగుతానక్కా," అంది నర్సు.

మిరపకాయ కాగితం చించేసి, డబ్బా తీసుకుని వెళ్లింది. సాయంత్రానికి జిగురులో బూజు పోగులు, వాటి చుట్టూ గుంపులుగా అలర్జీ కణాలు కనిపించాయి. డాక్టరమ్మ రకం తేల్చి మందు రాసింది.

వార్డులో బావ ముక్కునిండా దూదితో, నోటితో ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఈసారైనా దొరికిందా అమ్మా?"

"దొరికింది బావా. కంటికి భయం లేదట. వాసన సంగతి మాత్రం చెప్పలేమన్నారు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదు?"

మిరపకాయకి ఈసారి అరవడానికి ఎవరూ దొరకలేదు. "నేనే కడిగించాను బావా," అని కాగితం సంగతి మొత్తం చెప్పింది.

"మీ అక్కకి నువ్వే చెప్పు," అని బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.