ఒక్క మాట దిద్దడానికి సిరిసిల్ల దాకా

నేను చెడగొట్టిన ఒక్క మాట కోసం ఈ ప్రయాణం పెట్టుకున్నాను. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. ఏ బస్సు నడుస్తుందో, ఏ ఊరు బంద్ అవుతుందో తెల్లారితే తప్ప తెలియదు. నాకేమో శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకే గడువు. గురువారం పొద్దున ఐదున్నరకు జూబ్లీ బస్టాండులో జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు. రావడానికి ఎవరున్నారు గనుక!

సంగతి ఇది. హైదరాబాద్ శివార్లలో ఒక విదేశీ కంపెనీలో తొమ్మిదేళ్లు మోటార్లకు రాగితీగ కాయిళ్లు చుట్టాను. ప్రభుత్వం చౌకగా ఇచ్చిన భూమిలో, పన్ను రాయితీలతో నడిచిన ఫ్యాక్టరీ. కూలి ఇంకా తక్కువని ఒకనాడు మిషన్లన్నీ విప్పించి వేరే దేశానికి పంపేశారు. ఇలాంటి కంపెనీల సంగతి తేల్చడానికి ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. నష్టమొచ్చి మూతపడితే అడిగేదేమీ లేదట. పనిని బయటి దేశానికి తరలిస్తే మాత్రం భూమి వెనక్కి తీసుకుని, పని పోయినవాళ్లకు కొత్త పని నేర్పించాలన్నది ఆలోచన.

దస్తూరి బాగుంటుందని మావాళ్ల వాంగ్మూలాలన్నీ నాతోనే రాయించారు. అందరూ చెప్పిన మాట ఒకటే: "కంపెనీ ఎత్తుకపోయిండ్రు." నాకది మోటుగా, దొంగతనం అంటగట్టినట్టుగా తోచింది. అందంగా 'మూసివేశారు' అని రాశాను. "మూసివేస్తే మీరు ఈ జాబితాలోకి రారమ్మా" అన్నాడు విచారణ సంఘం ఆఫీసరు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే! పట్నంలో ఉన్నవాళ్ల కాగితాలు మళ్లీ రాయించాను. ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లు ముగ్గురు మిగిలారు. వాళ్లవి శుక్రవారం ఐదింటిలోగా సంఘం ఆఫీసులో ఇవ్వాలి.

కరీంనగర్ దాటాక పూడూరు దగ్గర కొడిమ్యాల వెళ్లే దారి కనిపించింది. నేను పుట్టిన ఊరు. దిగితే పలకరించేవాళ్లు లేరు. తల తిప్పుకుని కూర్చున్నాను.

జగిత్యాలలో దిగేసరికి పదకొండు కావస్తోంది. మా ఫిట్టర్ మల్లేశన్న ఇప్పుడు కొత్త బస్టాండు వెనక బావి మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. పాత కాగితం చదివి నోరెళ్లబెట్టాడు.

"మూసుడేంది చెల్లె? మిషిన్లు ఇప్పింది నేను. డబ్బాల మీద ఆ దేశం పేరు రంగుతోని ఏసింది నేను."

ఆ మాటలే రాసుకున్నాను. సంతకం పెట్టి చాయ్ తెప్పించాడు. రైతులు మోటార్ల కోసం ఎదురుచూస్తున్నారు. రెండు గుక్కల్లో తాగి లేచాను.

కోరుట్ల ముప్పావు గంట. బస్టాండు హోటల్లో అన్నం తిని, మాతో పనిచేసిన గంగాధర్ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. అతని భార్య గడపలో కూర్చుని బీడీలు చేస్తోంది. నాతో మాట్లాడినంతసేపూ చేతులు ఆపలేదు.

"ఆయన దుబాయి పోయి ఏడాదాయె అక్కా. పని ఓ దేశం పాయె, మనిషి ఇంకో దేశం పాయె. నేను పెట్టొచ్చునా సంతకం?"

అతను తప్ప ఇంకెవరూ పెట్టకూడదు. తల అడ్డంగా ఊపి, ఖాళీ కాగితం సంచిలో పెట్టుకున్నాను.

రెండున్నరకు కథలాపూర్ మీదుగా పోయే బస్సు దొరికింది. పక్కసీటు ముసలమ్మ ఊరుకోలేదు. "ఏడికి బిడ్డా?" సిరిసిల్లకన్నాను. "ఎవలున్నరు ఆడ?" స్నేహితురాలని చెప్పాను గానీ, ఇంకా స్నేహితురాలేనా అని నాకే అనుమానం. తొమ్మిదేళ్లు నా పక్క బెంచీలో కూర్చున్న పద్మ, ఆ కాగితం సంగతి తెలిసినప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి ఐదున్నర. సందు సందునా మరమగ్గాల మోత. పద్మ ఇంట్లో కండెలు చుడుతోంది. అప్పుడు రాగితీగ, ఇప్పుడు నూలు. రాట్నం ఆపి నన్ను తేరిపార చూసింది.

"గప్పుడు నేనేం చెప్పిన? నువ్వేం రాసినవ్?"

"తప్పైపోయింది పద్మా."

"నా మాట నీకు నామోషీ అనిపిచ్చిందా? నీది కొడిమ్యాల గాదా?"

 బడిలో నవ్వారని, ఆఫీసులో నవ్వుతారని, నా మాటను నేనే ఎప్పుడో దిద్దేసుకున్నాను. అలవాటు ముదిరి ఆమె మాటనూ దిద్దాను.

"చెప్త, రాయి. ఒక్క అచ్చరం మార్చినవో, కాయితం చింపుత."

రాశాను. "మా మిషిన్లు మాతోనే కట్టిపిచ్చి ఎత్తుకపోయిండ్రు." రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది.

"మరి నీ కాయితమేది?"

అందరివీ రాసే హడావిడిలో నాది రాసుకోనే లేదు. పద్మ నిట్టూర్చి మళ్లీ రాట్నం తిప్పింది. రాత్రికి ఉండమంటుందేమోనని కాసేపు గడపలోనే నిలబడ్డాను. అనలేదు. బస్టాండు ఎదుటి లాడ్జిలో గది తీసుకుని, బిస్కెట్లు తిని పడుకున్నాను.

శుక్రవారం ఎనిమిదింటి బస్సు సిద్దిపేట దగ్గర ఆగిపోయింది. రోడ్డు మీద ఉద్యమంవాళ్ల వంటావార్పు. పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే వడ్డిస్తున్నారు. పది, పదకొండు, పన్నెండు. నా ప్రాణం గడియారం మీదే ఉంది. ఒకావిడ కిటికీ దగ్గరికొచ్చి విస్తరాకులో కిచిడీ అందించింది.

"దిగి తిను చెల్లె. ఏం పని జేస్తవ్?"

ఎవరడిగినా "కంపెనీ మూసేశారండీ" అనేదాన్ని. ఆ పూట నోరు దానంతటదే తిరిగింది.

"కాయిళ్లు చుడుతుంటి అక్కా. కంపెనీ ఎత్తుకపోయిండ్రు."

"అయ్యో!" అని నన్ను దింపి, పంక్తిలో జరిగి తన పక్కన చోటిచ్చింది. ఒకరి పక్కన కూర్చుని తిని ఎన్నాళ్లయిందో!

ఒకటిన్నరకు బస్సు కదిలింది. "నాలుగింటికి జూబ్లీలో దింపుత" అన్నాడు కండక్టర్. గంగాధర్ ఖాళీ కాగితం తీసి, పైన నా పేరు రాసుకుని, మొదలుపెట్టాను: "మా కంపెనీని ఎత్తుకపోయిండ్రు. నేను సూసిన." బస్సు కుదుపులకు అక్షరాలన్నీ వంకర్లు పోయాయి. దిద్దలేదు.