చచ్చిపోయిన కలెక్టరు మీద దావా

ఆ రోజుల్లో నల్లకోటు తొడుక్కుంటే చాలు, లోకంలోని అన్యాయమంతా దానంతటదే సర్దుకుని ఓ పక్కన కూర్చుంటుందని నాకు గట్టి నమ్మకం. లా డిగ్రీ చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. విజయనగరంలో ఒక పెద్ద వకీలుగారి దగ్గర జూనియర్ని. జూనియర్ అంటే ఆయన ఫైళ్లు మోయడం, కేసు వాయిదా పడిందో లేదో కనుక్కురావడం, ఆయన టీ తాగుతుంటే ఎదురుగా నిలబడి నాకు అలవాటు లేదన్నట్టు మొహం పెట్టడం (ఆయన తాగమని అనలేదు, అది వేరే సంగతి). ఇంత న్యాయశాస్త్రం వంటబట్టిన కుర్రాడికి సొంతంగా ఒక్క కేసైనా లేదే అని దేవుడికి జాలేసినట్టుంది, మా పెద్దమ్మ కోడిని చంపించాడు.

పెద్దమ్మ ఇల్లు నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్లే దారిలో ఓ చిన్న ఊళ్లో. కోర్టుకి బండి మీద వెళ్లిరావచ్చని నేనూ అక్కడే ఉండేవాణ్ణి. పెదనాన్న పోయాక ఆవిడకి పెరట్లో నాటుకోళ్లే లోకం. వీధిలో ఎవరి కోళ్లలో కలిసిపోయినా పోల్చుకోవడానికి ఒక్కోదాని కాలికి పాతచీర చింపి ఎర్ర పీలిక కట్టేది. పిట్టగోడకి అవతల ఇల్లు మిల్లు మావది. జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయినవాడు కనక నాకూ వీధిలో పిల్లలందరికీ ఆయన మిల్లు మావే. ఆయన భార్య, మా అత్త వరస, పక్షవాతంతో మంచాన పడింది. మాట కూడా పోయింది. ఆ ఇంట్లో మూడో ప్రాణి ఒక తెల్లకుక్క. ఎవరొచ్చినా అరిచేది కాదు. గుమ్మంలో కూర్చుని, వచ్చిన మనిషిని పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, అర్జీ నచ్చనట్టు తల తిప్పేసుకునేది. అందుకని దాన్ని కలెక్టరు అనేవాళ్లం. (పేరుని బట్టి గౌరవం కదా, ఊరంతా దాన్ని ‘వాడు’ అనే పిలిచేది.)

అది పుష్యమాసం. తెల్లవారితే పెరట్లో మనిషికి మనిషి కనపడని మంచు. ఆ ఉదయం పెద్దమ్మ గంప ఎత్తి కోళ్లని వదిలి, వీధి వాకిట్లో కళ్లాపి జల్లి వచ్చేసరికి, కలెక్టరు నల్లపెట్ట మెడ నోట కరుచుకుని పిట్టగోడ మీద నిలబడి ఉన్నాడు. కోడి అరుపు లేదు, కుక్క గుర్రు లేదు. ఆవిణ్ణి చూసి, తొందరేమీ లేనట్టు అవతలికి దిగిపోయాడు.

“ఓరి నీ కలెక్టరు కడుపు కాలా! ఒరే మిల్లోడా, ఇనపడతన్నాదా? పొలానికి తెచ్చిన గుళికలున్నాయి నాకాడ. అన్నంలో కలిపి ముద్ద పెడతాను. నీ కుక్క దిగినకాడే పడుంటాది, సూసుకో!” అని పెద్దమ్మ గోడ కూలేలా అరిచింది. అవతల తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

నేను రంగంలోకి దిగాను. “పెద్దమ్మా, చట్టాన్ని చేతుల్లోకి తీసుకోకూడదు. నష్టపరిహారం అడుగుదాం.”

“అంటే ఏటిరా?”

“పోయిన కోడికి బదులు డబ్బు.”

“డబ్బు గుడ్లెడతాదేటి?” అంది పెద్దమ్మ. న్యాయశాస్త్రంలో దీనికి జవాబు లేదు. ఉన్నా మాకు చెప్పలేదు.

మర్నాడు కోర్టు నుంచి వస్తూనే, కోటు విప్పకుండా పక్కింటికి వెళ్లాను. మిల్లు మావ అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. గొంతు సవరించుకుని, “మీ పోషణలో ఉన్న శునకం వల్ల నా కక్షిదారుకి కలిగిన నష్టం...” అని మొదలుపెట్టాను. ఆయన తాడు ఆపి నావైపు చూశాడు.

“కలెక్టరా? సచ్చిపోనాడు కదా అల్లుడూ, రేత్రి. ఏటి తిన్నాడో ఏటో.”

ములగచెట్టు కింద కొత్తగా కప్పిన మట్టి, దాని మీద పసుపు, కుంకుమ. ఏం చేయాలో తోచక ఆ దిబ్బకి నమస్కారం పెట్టాను. తలెత్తేసరికి కిటికీలోంచి మంచం మీది అత్త కళ్లు నన్నే చూస్తున్నాయి. రెప్ప పడటం లేదు. ఆ మంచం కింది చీకట్లో ఏదో కదిలినట్టయింది. నీడ అనుకున్నాను. నీడే అనుకుని గబగబా బయటికొచ్చేశాను.

సంగతి విని పెద్దమ్మ పీట మీద కూలబడింది. “నానేటీ పెట్టలేదురా! గుళికల డబ్బా మూతే తియ్యలేదు. నోటితో అన్నానంతే. నా నోరు అంత సెడ్డదేట్రా?” ఆ పూట అన్నం ముట్టలేదు.

కథ అక్కడితో ముగిసిపోవాల్సింది. కానీ తర్వాత ఓ ఉదయం మరో పెట్ట మాయమైంది. చెంబు చేత్తో పట్టుకుని పెద్దమ్మ పెరట్లో కొయ్యబారి నిలబడి ఉంది. “మంచులోంచి తెల్లగా లేచినాడురా. గోడ మీద నిలబడి నాకేసే సూసినాడు. అలికిడి లేదు, ఊపిరి లేదు.” తడినేల మీద కుక్క అడుగులు గోడదాకా ఉన్నాయి. గోడకి అవతల ములగచెట్టు వైపు సాగి, ఎండుగడ్డి దగ్గర పోయాయి.

ఆ రోజు మా సీనియరుగారిని కదిపాను. “సార్, కుక్క కోళ్లని చంపితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి కదా?”

“ఇవ్వాలోయ్. ఆ కుక్కే చంపిందని రుజువుండాలి.”

“పెద్దమ్మ కళ్లారా చూసింది సార్. కాకపోతే కుక్క అంతకుముందే చనిపోయింది.”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “మరి కోడిని చంపిందెవరు?”

“కలెక్టరే సార్.”

ఆయన లేచి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, పెందలాడే ఇంటికి పొమ్మన్నారు. ఆ ఆఫీసులో నాకు దక్కిన మొదటి సెలవు అదే.

రుజువే కదా కావలసింది అని మర్నాడు తెల్లవారుతుండగా సెల్‌ఫోన్ పట్టుకుని కట్టెల మోపు వెనక నక్కాను. మంచు మీద మంచు దిగుతోంది. పెద్దమ్మ గంప ఎత్తి వాకిట్లోకి వెళ్లింది. కోళ్లు నేల కెలుకుతున్నాయి. ఉన్నట్టుండి కెలకడం ఆపేశాయి. అన్నీ ఒకేసారి, ఒకే వైపుకి మెడలు తిప్పాయి. ఆ తెలుపులోంచి మరో తెలుపు విడివడి గోడ దిగింది. దానికి చెవులున్నాయి. కళ్లున్నాయి. ఆ కళ్లు కట్టెల సందులోంచి నన్ను పైనుంచి కిందికి చూశాయి. అరవాలనుకున్నాను. నోట్లోంచి “ఆంజనేయా, అబ్జెక్షన్” అనే మాట వచ్చింది, అదీ నాకు మాత్రమే వినపడేంత. తేరుకునేసరికి పెరట్లో ఒక కోడి తక్కువుంది.

వీడియోలో అంతా పాలు ఒలికినట్టు తెలుపే. కానీ చివర్లో, నేలలోంచి వస్తున్నట్టు ఒక గొంతు వినిపించింది. “రా నాయినా... రా... ఒచ్చీ...”

పెద్దమ్మ అది రెండోసారి వినలేదు. నేను అడ్డుపడేలోగా ఫోన్ మీద పసుపునీళ్లు జల్లేసింది. (ఆ తర్వాత ఆ ఫోన్ చార్జింగ్ ఎక్కలేదు. నష్టపరిహారం ఎవరిని అడగాలో తెలియలేదు.)

వీధిలో పెద్దముసలమ్మలు తేల్చేశారు. మాట తగిలి పోయిన ప్రాణికి శాంతి ఉండదట, ఎముకలు తీసి చంపావతి ఏట్లో కలిపితే గానీ వదలదట. పెద్దమ్మ గునపం నా చేతికిచ్చింది. చదువుకున్నవాణ్ణి, దయ్యాలని నమ్మేవాణ్ణి కాదు కనక, ఇది పంచనామా అని నాకు నేను చెప్పుకుని బయల్దేరాను.

పొద్దు వాలుతోంది. మిల్లు మావ చేతులు చాచి దిబ్బకి అడ్డం నిలబడ్డాడు. “ఒద్దప్పా! పాతిపెట్టినదాన్ని కెలక్కూడదు. ఒగ్గీయండి!”

“నా నోటి పాపంరా తమ్ముడూ,” అంది పెద్దమ్మ. ఆయనెప్పుడూ ఆవిణ్ణి అప్పా అని, అక్కని పిలిచినట్టే పిలుస్తాడు గానీ, ఆవిడ తమ్ముడని పిలవడం చాన్నాళ్లకి. “గంగలో కలిపీసి వస్తాను. అడ్డు లెగు.”

మట్టి మెత్తగా ఉంది. రెండు పోట్లు పడ్డాయో లేదో గునపం మొనకి ఈకలు అంటుకుని వచ్చాయి. నల్లవి. తర్వాత ఒక కాలు, దానికి ఎర్ర పీలిక. పక్కనే ఇంకో కాలు, దానికీ ఎర్ర పీలిక. కుక్కని పాతిపెడితే కోళ్లు తేలుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఇంట్లోంచి సన్నగా, పసిపిల్ల మూలిగినట్టు కుక్క మూలుగు వినపడింది. పెద్దమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి. నేను గునపాన్ని దేవుడి దండంలా ముందుకి పెట్టి తలుపు తోశాను.

చీకటి గది. మంచం మీద అత్త కళ్లు తెరుచుకుని మావైపే చూస్తోంది. చచ్చుబడిన చెయ్యి మంచం అంచు నుంచి వేలాడుతోంది. ఆ చెయ్యి కింద ఒక తెల్లటి తల. కలెక్టరు మా ఇద్దర్నీ పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, తల తిప్పేసుకున్నాడు. ప్రాణంతో ఉన్నాడని అప్పుడు నమ్మకం కలిగింది. చచ్చినవాళ్లకి అంత పొగరుండదు.

మిల్లు మావ గుమ్మంలోనే కూలబడ్డాడు. “ఆవిడ ముద్ద మింగట్లేదప్పా. అంబలి పోస్తే కక్కీస్తన్నాది. ఈడికేటి తోసిందో, కోడిని తెచ్చి మంచంకాడ పెట్టినాడు. నువ్వు గుళికలనీసరికి నా గుండె జారిపోనాది. ఆడు కూడా పోతే ఆవిడ ఉంతాదేటి? అందుకే సచ్చిపోనాడనీసినాను. పగలల్లా మంచం కిందే దాసినాను. తెల్లారగట్ట కాసేపు బయటికి ఇడిస్తే మళ్లీ కోడితోనే వస్తన్నాడు. ఎవులైనా సూస్తారని గోడకాడ నిలబడి పిలుస్తన్నాను.”

పెద్దమ్మ కేకకి ఇల్లదిరిపోయింది. “నా పెట్టల్ని సంపి, కూరైనా ఒండకుండా మట్టిలో పాతీసినావట్రా!”

“పరాయోల్ల సొమ్ము ఎలగ తింతామప్పా?”

పెద్దమ్మ మంచం దగ్గరికి వెళ్లి అత్త చెంప తడిమింది. “ఇలగ ఎండిపోనావేటే? గోడ కవతలే ఉన్నాను కదా నాను,” అంది. అత్త కంట్లోంచి నీరు చెవి మీదికి జారింది. కలెక్టరు లేచి దాన్ని నాకాడు.

మర్నాడు పెద్దమ్మ తనే ఒక పెట్టని కోసి, మిరియాలు దంచి వేసి చారు కాచి, కొంగుతో గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది. అత్త గరిటెడు మింగింది. ఆ పైన గిన్నెడు తాగింది. తర్వాతి వారం మళ్లీ పెట్ట, మళ్లీ చారు. ఎముకలు కలెక్టరుకి. గోడ దిగాల్సిన అవసరం వాడికిక లేకపోయింది. కేసు ఏమైందని సీనియరుగారు అడిగితే, “రాజీ కుదిరింది సార్. మా పార్టీయే వాళ్లకి కోళ్లు ఇచ్చుకుంటోంది” అన్నాను. “భేష్. ఇలాంటివి ఇంకో రెండు గెలిచావంటే నన్ను కూడా వీధిన పడేస్తావు” అన్నారు.

అత్త ఆ ఏడాదీ, పై ఏడాదీ బతికింది. ఆవిడ పోయాక మిల్లు మావ కూతురితో గజపతినగరం వెళ్లిపోయాడు. ఆటోలో ఆయన పక్కన కలెక్టరు సీటు మీద కూర్చుని, వీధి మొత్తాన్ని తనిఖీ చేస్తూ వెళ్లాడు. నాకిప్పుడు సొంత ఆఫీసు ఉంది. గోడల తగువులు, గట్ల తగువులు బోలెడు వస్తాయి. చట్టం నాకు అప్పటికన్నా బాగా తెలుసు, నమ్మకమే కొంచెం తగ్గింది. చలికాలం పొద్దున్నే ఆ ఊరి మీదుగా వెళ్లేటప్పుడు మంచులో దారి కనపడక బండి నెమ్మది చేస్తాను. ఆ తెలుపులో ఎక్కడో ఒక బక్కపలచటి కుర్రాడు, ఏది నిజమో తెలియక, కట్టెల మోపు వెనక నక్కి ఉన్నట్టే అనిపిస్తుంది. భయపడకురా, అందరూ బతికే ఉన్నారని హారన్ కొట్టి చెబుదామనుకుంటాను. అంతలోనే, అందరూ బతికే ఉన్న ఆ ఉదయంలో వాణ్ణి ఇంకాసేపు ఉండనీ అనిపించి, చప్పుడు చేయకుండా దాటి వెళ్లిపోతాను.