రేకులు పడని జాగా

కాలిన బండ మీద చెంబుడు నీళ్లు పోస్తే ఒక వాసన లేస్తుంది. కర్నూలు ఎండల్లో, సాయంత్రం పూట మా ఇంటి వెనక ఆ వాసన తగిలినప్పుడల్లా మా మేనత్త రంగమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నా ముందు నిలబడుతుంది. కొత్తిమీర కట్ట కొన్నా కొసరుగా కరివేపాకు అడగనిదే కదలని మనిషిని నేను. డోన్‌లో మా నాన్న అంగడి గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, బేరమే నా చదువు. ఆ చదువులో నన్ను ఫెయిలు చేసింది ఆమె ఒక్కతే.

భర్త పోయాక అత్త తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. ముందు అంగడి, వెనక వంటిల్లు, రెండింటి మధ్య నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే ఆరుబయలు. ఖాళీ డబ్బాలూ చిరిగిన గోతాలూ పారేసే ఆ చోటును అత్త చేతిలోకి తీసుకుంది. మూలలకు కూడా వెలుతురు పోవాలని గోడలకు తెల్లసున్నం కొట్టించింది. అంగడి నేలకు బేతంచెర్ల బండలు దిగినప్పుడు లారీ అతనితో వాదించి, విరిగిన ముక్కలన్నీ కొసరు కింద నేను సంపాదించాను. అత్త వాటిని వేలెడు సందు వదిలి పరిచి, సందుల్లో గరిక నాటింది. నూనె డబ్బాల అడుగున చిల్లులు పొడిచి, మరువం, దవనం, పుదీన వేసి గోడకు వరసగా వేలాడదీసింది. మూలనున్న సన్నజాజి తాడు పట్టుకుని మిద్దె మీదికి పాకింది. బియ్యం కడిగిన నీళ్లన్నీ వాటికే.

నాకేమో ఖాళీ కనబడితే చేయి ఊరుకోదు. అంగడి అలమర సర్దినట్టు నడుమ కూడా కుండీలు పేర్చాను. అత్త ఒక్కొక్కటే తీసి గోడవారకు నెట్టింది.

"సరుకు సూపిచ్చనీకి ఇది అంగడి కాదు పాపా. నడుమ ఇడిసిపెట్టు. మనుషులు కూచోవల్ల గదా."

నిజమే, నడుమ ఖాళీ అయ్యాక ఆ కాస్త చోటే పెద్దదైంది.

రెండువేల సంవత్సరం దాటిన ఆ ఏళ్లలో వ్యాపారం పెరిగింది, బస్తాలూ పెరిగాయి. ఆరుబయలుకు రేకులు వేయించి గోదాము చేద్దామని నాన్న ఒక పొద్దున వెల్డింగు అతన్ని పిలుచుకొచ్చాడు. అక్కతో మాట మాత్రం అనలేదు. అత్త కేకలు వేయలేదు. రేకులు మోసే ఇనుప కమ్మీకి గుంత తవ్వాల్సిన చోటే నులకమంచం వేసుకుని, చేటలో చింతపండు పెట్టుకుని గింజలు తీయడం మొదలుపెట్టింది. అతను గడ్డపార పట్టుకుని దిక్కులు చూశాడు.

మూటలు వానకు తడుస్తాండాయక్కా, అని నాన్న నసిగాడు.

"ఈడ వాన యాడ పడతాందప్పా, నీ మూటలు తడిసేకి? తలెత్తితే ఆకాశం కనబడే జాగా నాకు ఇదొక్కటే ఉండాది. దీన్ని మూసి నన్ను యాడ కూచోమంటావు?"

నాలోని బేరగత్తె అప్పుడు లేచింది. సగానికి రేకులు వేద్దాం, సగం చెట్లకు వదిలేద్దాం, ఎవరికీ నష్టం లేదన్నాను. నాన్న అప్పటికే తల ఊపేశాడు. నా తెలివికి నేనే మురిసిపోతుంటే, అత్త చేటలోంచి కళ్లెత్తకుండానే అంది:

"సగానికి ఒప్పుకుంటే, మొత్తం మీ నాయనదేనని ఒప్పుకున్నట్లు పాపా. రేపు మిగతా సగం అడుగుతాడు. ఇది నాది. దీన్ని నేను బేరానికి పెట్టను."

మధ్యాహ్నం దాకా లేవలేదు. అన్నం మంచం మీదికే తెప్పించుకుంది, వెల్డింగు అతనికీ ఒక పళ్లెం పెట్టించింది. అతను తిని, చేయి కడుక్కుని, కమ్మీలు బండికెత్తుకుని వెళ్లిపోయాడు. బస్తాలు మెట్ల కిందికి చేరాయి. నాన్న చివరిదాకా ఆ చోట కూర్చోలేదు. అత్త కూర్చోమని పిలవనూ లేదు.

ఇప్పుడు నా ఇంటి వెనకున్న చోటు అంతకన్నా చిన్నది. మొన్న మా ఆయన, బైకు పెట్టుకోవడానికి అందులో సగం చాలన్నాడు. బేరాల మనిషివి, నీకు నేను చెప్పాలా అని నవ్వాడు కూడా. ఇవ్వనన్నాను. పోనీ పావు వంతు అన్నాడు. మా వంశంలో ఎవరికీ బేరం తెలియనట్టు నిలబడ్డాను. బైకు వీధిలోనే ఉంది.