లేరంటే ఎక్కడికెళ్లారు?

డిపో వెనక షెడ్డులో బస్సు సీట్లు కుట్టే ఆవిడను అందరూ దబ్బనమ్మ అంటారు. చేతిలో ఎప్పుడూ దబ్బనం ఉంటుందని కొందరు చెబుతారు, నోరు కూడా అలాగే ఉంటుందని ఇంకొందరు. రెండూ నిజమే. చిరిగిన రెగ్జిన్ ఊడబీకి, పిండిపిండైన ఫోమ్ దులిపి పారేసి, కొత్తది కోసి పెట్టి, చుట్టూ ఒక్క ఊపున కుట్టేస్తుంది. అంత చేసీ ఆ సీట్లో కూర్చోదు. బస్సు ఖాళీగా ఉన్నా రాడ్డు పట్టుకుని నిలబడే వెళ్తుంది.

"కూర్చోమ్మా, నువ్వు కుట్టిందేగా" అంటాడు కండక్టరు.

"కుట్టాను కాబట్టే తెలుసు, లోపల ఏముందో."

ఆ మధ్య మాత్రం ఆవిడ మరీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కుట్టు సగంలో వదిలేసి గేటు దాకా వెళ్లడం, రోడ్డవతల మూసి ఉన్న షట్టరు వైపు చూడడం, వెనక్కి రావడం. ఆ షట్టరు వెనక ఉండడానికి ఒక గది, ముందు మిషను వేసుకునేంత చోటు. పక్కనున్న మందుల షాపాయనది. సొంతంగా సీట్ల పని పెట్టుకుంటానని అడిగితే అడ్వాన్సు చెప్పాడు. ఆవిడ దగ్గర అంత లేదు.

"నెలాఖరు దాకా ఆగుతానమ్మా. తర్వాత నన్ననుకోవద్దు. బేకరీ వాళ్లు కూడా తిరుగుతున్నారు."

"తిరగనీ. కాళ్లు నొప్పెట్టి వాళ్లే మానేస్తారు" అందిగానీ, ఆ మాటలో పస లేదని ఆవిడకే తెలుసు.

ఉండేది మరిది ఇంటి మేడ మీద గదిలో, కూతురితో. మరిది మంచివాడు. అసలు చిక్కంతా అదే. చెడ్డవాడైతే ఏనాడో తగువు పెట్టుకుని బయటపడేది. ఇంటికి ఎవరొచ్చినా, "మా వదిన. అన్నయ్య తర్వాత మా దగ్గరే ఉంచుకున్నాం" అని పరిచయం చేస్తాడు. ఆ 'ఉంచుకున్నాం' అన్నప్పుడల్లా ఆవిడకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. పగలు లైటు వేస్తే మెట్ల కింద నుంచి, "వదినా, లైటు వెలుగుతోంది" అంటాడు. వెలగడానికే వేశాను మరి అని నోటిదాకా వస్తుంది. నోరున్న మనిషి అక్కడ మాత్రం మింగేస్తుంది.

భర్త సైన్యంలో లారీ డ్రైవరు. అక్కడ పట్టుకున్న ఊపిరితిత్తుల జబ్బుతోనే ఇంటికొచ్చాడు, పింఛనుతో పాటు. ఆ జబ్బే తీసుకుపోయింది. అలాంటప్పుడు భార్యకు కుటుంబ పింఛను రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన పోయినప్పటి నుంచి కాదు, చాలా ఆలస్యంగా ఆవిడ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. మధ్యలో రెండేళ్ల పైచిలుకు పింఛను గాలికి పోయింది. అదొస్తే మందుల షాపాయనకు అడ్వాన్సు కట్టేయొచ్చు. రాకపోతే మరిది మేడ గదే గతి.

అంత ఆలస్యం ఎందుకైందంటే, ఒక్క మాట వల్ల.

ఆయన పోయిన కొన్నాళ్లకు పింఛను కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. పింఛను తీసుకునేవాళ్లు బతికే ఉన్నారా లేదా అని ఏటా కనుక్కుంటారు. ఎవరో కుర్ర గొంతు. "సార్ ఉన్నారా?" అనడిగాడు. "లేరు బాబూ" అంది ఆవిడ. అంతే. మర్నెల నుంచి ఆయన పింఛను ఆగిపోయింది.

"చూశావా, చెప్పగానే ఆపేశారు. ఇక నా పేరు మీదకి మారుస్తారు" అంది కూతురితో.

నమ్మకంగా ఎదురుచూసింది. ఆఫీసులన్నాక ఆలస్యం మామూలేగా అనుకుంది. అక్కడ ఆగింది ఆయన పోయారని కాదు, ఆయన ఫోన్లోకి రాలేదని. ఆ సంగతి బూట్ల మావయ్య తవ్వి తీసేదాకా ఎవరికీ తెలీదు.

బూట్ల మావయ్య ఆయనతో పాటు పనిచేసినవాడు. ఇప్పుడు మాజీ సైనికుల సంఘంలో తిరుగుతుంటాడు. రిటైరై ఎన్నేళ్లయినా బూట్లు అద్దంలా తుడవందే గడప దాటడు. బస్సు పాసు కోసం డిపోకొచ్చి, షెడ్డులో ఈవిడ్ని చూసి పలకరించాడు.

"ఎంతొస్తోంది చెల్లెమ్మా పింఛను?"

"ఇంకా రాలేదన్నయ్యగారూ. మారుస్తున్నారు."

"ఎవరు?"

"వాళ్లే."

"కాగితమేమైనా ఇచ్చావా?"

"కాగితమెందుకు? లేరని చెప్పాగా!"

ఆయన తల పట్టుకున్నాడు. ఆ వారమే దరఖాస్తు పెట్టించాడు. పాత తేదీ నుంచి ఇవ్వమని అప్పీలూ వేయించాడు. భార్య ఏడాదిలోగా కబురు చెబితే చాలట, ఆయన పోయిన మర్నాటి నుంచే లెక్కట. ఆ ఫోన్లో చెప్పిందే కబురు అని వీళ్ల వాదన. కార్యాలయం ఫైల్లో మాత్రం ఆ రోజు మాట ఇలా ఉంది: పింఛనుదారు ఇంట్లో లేరు.

విచారణ రోజు కూతురు సెల్‌ఫోన్ల షాపుకి సెలవు పెట్టి వచ్చింది. దువ్వెన పట్టుకుని తల్లి వెనకే గదంతా తిరుగుతోంది.

"ఒక్కసారి అనమ్మా నాతో. చనిపోయారు."

"బస్సు టైమైంది."

"లేరు, పోయారు అంటూ కూర్చున్నావనుకో, మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు నువ్వు పోయారంటే మీ డిపో డ్రైవరు ఏ ఊరికి అనడిగాడా లేదా?"

"వాడో తిక్క సన్నాసి."

"ఆఫీసులో అందరూ అలాంటివాళ్లే ఉంటారు. అను."

"జడ వేస్తావా, పీకుతావా?"

ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. ఆయన ఊపిరాగినప్పుడూ అనలేదు, డిపోలో సెలవడిగినప్పుడూ అనలేదు. ఎందుకని అడిగితే చెప్పలేదు కూడా. బూతులు తిట్టడానికి వెనకాడని మనిషి, ఈ ఒక్క మాట దగ్గర దారం ముడిపడినట్టు ఆగిపోయేది.

విచారణ గది ఇరుకుగా ఉంది. బల్లకవతల అధికారి, పక్కన కంప్యూటరు ముందు రాసుకునే అమ్మాయి. కుర్చీలు చూపించారు. ఆవిడ నిలబడే ఉంది.

"కూర్చోండమ్మా."

"పర్లేదు సార్."

"మీకు పర్లేదు, నాకే మెడ నొప్పి."

కూర్చుంది, కుర్చీ అంచున, లేచి పారిపోయేలా.

బూట్ల మావయ్య లేచి సెల్యూట్ కొట్టినంత పని చేసి, "ఆ రోజు ఫోన్ రికార్డింగు అడిగామండీ" అన్నాడు.

అధికారి కంప్యూటరు అమ్మాయి వైపు తలూపాడు. గరగరమని ఒక చప్పుడు, తర్వాత ఆ కుర్ర గొంతు.

"నమస్తే మేడమ్, పింఛను ఆఫీసు నుంచి. సార్ ఉన్నారా?"

"లేరు బాబూ."

"ఎప్పుడొస్తారు మేడమ్?"

వెనకెక్కడో కుక్కర్ కూత. తర్వాత ఆవిడ గొంతు, ఆవిడకే గుర్తులేనంత చిన్నగా:

"ఇంక రారు."

"ఓకే మేడమ్, వచ్చాక ఒకసారి మాకు ఫోన్ చేయమనండి. థాంక్యూ."

కంప్యూటరు అమ్మాయికి నవ్వాగలేదు. వెంటనే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని తల వంచేసుకుంది. అధికారి గడ్డం గీరుకున్నాడు.

"ఇంక రారు అన్నాక కూడా వీడు..." అని ఆగి, గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా. నాకర్థమైంది. కానీ నాకర్థమైతే సరిపోదు, రికార్డులోకి రావాలి. ఆ రోజు మీరు 'లేరు' అన్నది ఏ అర్థంలో? స్పష్టంగా చెప్పండి."

"లేరనే, సార్."

"అంటే?"

"అంటే... ఇక లేరని."

"ఇంట్లోనా?"

"ఎక్కడా."

"అమ్మా, మా పై అధికారి ఇది చదివితే మళ్లీ ఇదే ప్రశ్న వేస్తాడు. ఒక్క ముక్క. దానికి వేరే అర్థం ఉండకూడదు."

"దాటిపోయారు."

"ఏది దాటి అంటాడు."

"కాలం చేశారు."

"అది ఫర్వాలేదు గానీ, పైన మాకో మనిషున్నాడు లెండి..."

కూతురు విసురుగా లేచింది. "నేను చెప్తాను సార్. మా నాన్న చనిపోయారు. చాలా?"

"ఫోన్లో మాట్లాడింది నువ్వు కాదమ్మా. ఆవిడే చెప్పాలి."

"చెల్లెమ్మా, ఒక్క మాట" అన్నాడు బూట్ల మావయ్య, బతిమాలుతున్నట్టు.

ఆవిడ లేచింది. కిటికీ దాకా నడిచి వెనక్కొచ్చింది. బల్ల అంచు మీద లేచిన రెగ్జిన్ను వేలితో నొక్కింది, మళ్లీ లేచింది, మళ్లీ నొక్కింది. నలుగురూ తన నోటివైపే చూస్తున్నారు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫోను కుర్రాడి మీద, ఈ మెడ నొప్పాయన మీద, ఇంట్లో లైటు గురించి అరిచే మరిది మీద, అందరికంటే ఎక్కువగా ఆయన మీద.

"చచ్చిపోయాడు!" అంది. "మా ఆయన చచ్చిపోయాడు సార్. నా చేతిలోనే. రెండు సార్లు ఎగశ్వాస తీశాడు, అంతే, చచ్చిపోయాడు. రాసుకోండి. చాలా? ఇంకోసారి కావాలా?"

పెళ్లయిన నాటి నుంచి ఆయన్ని వెళ్లాడు, వచ్చాడు అని ఏకవచనంలో ఏనాడూ అనని మనిషి. కూతురు బిత్తరపోయింది.

"చాలమ్మా" అన్నాడు అధికారి మెల్లగా. కంప్యూటరు అమ్మాయి టకటకా టైపు కొట్టడం మొదలుపెట్టింది.

బయటికొచ్చాక ఆవిడ ఎవరి కోసమూ ఆగలేదు. బస్టాపు దాటి నడిచింది, తర్వాతి స్టాపు కూడా దాటింది. కూతురు వెనక పరుగులాంటి నడక. బూట్ల మావయ్య బూట్లకు దుమ్ము పట్టింది, ఆయన చూసుకోలేదు.

"ఏడవాలనుంటే ఏడువమ్మా" అంది కూతురు.

"ఏడుపు కాదే. నోరంతా చేదుగా ఉంది. నీళ్లున్నాయా?"

ఆ తర్వాత రోజులు ముళ్ల మీద గడిచాయి. నిర్ణయం పోస్టులో వస్తుందన్నారు. ఆవిడ ఒక సీటు రెండుసార్లు కుట్టి రెండుసార్లూ విప్పింది. పాడైంది సీటు కాదు, కుదురు. నెలాఖరు దగ్గరపడింది. బేకరీ వాళ్లు టేపు తెచ్చి షట్టరు కొలుస్తుంటే గేటు దగ్గర నిలబడి చూసింది.

చివరికి బూట్ల మావయ్య వచ్చాడు, కాగితం ఊపుకుంటూ.

"ఇచ్చారు చెల్లెమ్మా! పాత తేదీ నుంచే. ఆయన మరణించిన మర్నాటి నుంచి."

ఆవిడ దబ్బనం రెగ్జిన్లో గుచ్చి వదిలేసింది. ఒక్క క్షణం తర్వాత కనుబొమలు ముడిచింది.

"మర్నాటి నుంచేంటి? ఆ రోజేమైంది? ఆ రోజు కూడా మింగేశారా?"

"ఆ రోజు ఆయనదే తల్లీ. ఆ రోజు పింఛను ఆయన లెక్కలోకే వెళ్తుంది. నీది మర్నాటి నుంచి."

అప్పీలు వెయ్యాలా అని అడగబోయిన నోరు అలాగే ఆగింది. ఆ రోజు పొద్దున ఆయన సగం టీ తాగి, చక్కెర తక్కువైందని సణిగాడు. మధ్యాహ్నం దాకా ఉన్నాడు.

"సరే. అది ఆయనదే. ఉంచుకోమనండి" అంది.

ఒంటి మీద నూలుపోగులు కూడా దులుపుకోకుండా రోడ్డు దాటింది. మందుల షాపాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "డబ్బింకా పడలేదుగా" అన్నాడు.

"పడుతుంది."

"ఎప్పుడు?"

"నన్నడుగుతావేం? నేనేమైనా పింఛను ఆఫీసా? తాళం ఇవ్వు, కొలుచుకోవాలి."

బేకరీ వాళ్ల కంటే ఈవిడతో వాదించడమే కష్టమనుకున్నాడో ఏమో, తాళం ఇచ్చాడు. లోపల దుమ్ము, ఒక విరిగిన స్టూలు. ఆవిడ గోడ వెంట జానలేసుకుంటూ వెళ్లింది. మిషను ఇటు పెడితే తలుపు తెరుచుకోదు. అటు పెడితే వెలుతురు రాదు. పెదవి విరిచి, మొదటి మూలకు వెళ్లి, మళ్లీ కొలవడం మొదలుపెట్టింది.