పై పోర్షన్ ఖాళీ చేయించిన ఆదివారం

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది నర్సాపురం వైపు. మా ఆయన పోర్టు ఉద్యోగం వల్ల విశాఖ వచ్చి, మల్కాపురంలో మేడ కట్టుకున్నాం. పై పోర్షన్‌లో నూకరత్నం, ఆమె కూతురు శిరీష అద్దెకుండేవారు. నూకరత్నం చేపలమ్మేది. భర్త లేడు. తట్ట రేవులో తన అక్కగారింట్లోనే పెట్టి వచ్చి, పెరటి కొళాయి దగ్గర ఒళ్లంతా సబ్బుతో రుద్దుకుని, చలికాలమైనా సరే తడిచీరతోనే మెట్లెక్కేది. ఆ షరతు పెట్టింది నేనే. అయినా వాళ్లకు ఇల్లిచ్చినందుకు నా అంత మంచిది లేదనుకునేదాన్ని!

శిరీష పదో తరగతి పరీక్షల ముందు మా వంటింట్లో నీచు వాసన మొదలైంది. అదే సమయానికి మా ఆడపడుచు వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "చేపలవాళ్లకా వదినా ఇల్లిచ్చావు?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకా సిగ్గు? మేమేమన్నా శాకాహారులమా? చేప వండని ఆదివారం మా ఇంట్లో ఉందా?

ఆ సాయంత్రమే నూకరత్నాన్ని పిలిచి, ఆదివారానికల్లా ఖాళీ చెయ్యమన్నాను.

"ఏటి తప్పు సేసినామమ్మా? తానం సేసే కదా మెట్లెక్కుతన్నాను. పాపకి పదో తరగతి పరీచ్చలు దగ్గరికొచ్చీసినాయి. అయ్యయిపోనాక నానే ఎల్లిపోతానమ్మా."

"వాసన భరించలేకపోతున్నాం. ఇంకేం చెప్పకు."

తల్లి వెనక నిలబడ్డ శిరీష, తన ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

శుక్రవారం వంటింటి అటక మీద డబ్బాల వెనక ఒక సంచి దొరికింది. మా అమ్మ పంపిన ఎండు రొయ్యలు. చెమ్మ తగిలి కుళ్లిపోయాయి. విప్పగానే గుప్పుమంది. అదే వాసన.

ఇంకా రెండు రోజులుంది. మెట్లెక్కి, "తప్పు నాదే, ఉండండి" అంటే నా సొమ్మేం పోయేది? అనలేదు. సంచి చెత్తబండిలో పడేసి అగరొత్తులు వెలిగించాను. తెలియక చేసింది పొరపాటని సరిపెట్టుకోవచ్చు, కానీ తెలిశాక కూడా నోరు మూసుకుని ఆదివారం కోసం ఎదురుచూసిన మనిషిని ఏమనాలి? నిజం చెప్పనా? వాళ్లు పోవాలనే నాకుంది. వాసన ఒక సాకు.

ఆదివారం ఆటోలో వెళ్లిపోయారు. మెట్లు ఫినాయిల్‌తో కడిగించాను. ఎవరికి చూపించడానికో! రేవులో ఆ అక్కగారి ఒంటిగదిలో అంతమంది మధ్య ఆ పిల్లకు చదువు సాగలేదట. లెక్కల్లో తప్పింది. మళ్లీ రాయలేదని తర్వాత తెలిసింది.

మొన్న చేపల బజార్లో శిరీష కనిపించింది. తట్ట ముందు కూర్చుని అమ్ముతోంది. నన్ను గుర్తుపట్టి లేచింది. నా చీరకు తగలకూడదని కాబోలు, రెండడుగులు వెనక్కి జరిగింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ముక్కలు కొట్టి ఇవ్వమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఏం లాభం? మీరు నన్ను క్షమించకండి, అది మీ చేతిలో లేదు. వినండి, చాలు. ఆ వాసన వాళ్లది కాదు, మాది. హమ్మయ్య, ఒక్కరితోనైనా అన్నాను. అనాల్సిన మనిషితో మాత్రం కాదు.